షికాగోలో గది ఎక్కడ: క్యాంపస్ పక్కనా, డౌన్‌టౌన్‌లోనా, సబర్బులోనా?

ఆగస్టు సెమిస్టరుకు షికాగోలోని ఇల్లినాయ్ టెక్ యూనివర్సిటీలో సీటొచ్చిన వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో జూన్ నుంచే ఒకటే చర్చ. "క్యాంపస్ సౌత్ సైడ్‌లో ఉందంట, అక్కడ రోజూ కాల్పులేనంట, నేపర్‌విల్ సబర్బులో మా బాబాయి వాళ్లింట్లో ఉంటే నయమా అన్నా?" సీనియర్లు తలా ఒకటి చెబుతారు. ఇంట్లోవాళ్లు యూట్యూబ్ చూసి ఇంకోటి చెబుతారు. ముందే తేల్చి చెప్పేస్తే: కారు లేని విద్యార్థికి క్యాంపస్‌కు పది నిమిషాల నడకలో దొరికే గదే మేలు. దాని తర్వాత సౌత్ లూప్, అంటే డౌన్‌టౌన్ దక్షిణపు వైపు. సబర్బు ఆఖరు, అదీ సొంతవాళ్ల ఇల్లుంటేనే.

మొదట ఈ "సౌత్ సైడ్" సంగతి. షికాగోలో ఇంటి నంబర్లు స్టేట్, మాడిసన్ వీధులు కలిసేచోట సున్నాతో మొదలవుతాయి. 100 నంబర్లకు ఒక బ్లాకు, 800 నంబర్లకు ఒక మైలు (దక్షిణాన మొదటి మూడు మైళ్లకు మాత్రం ఈ లెక్క కుదరదు). క్యాంపస్ నడిబొడ్డు 3300 సౌత్. కాల్పుల పేరుతో వీడియోల్లో మారుమోగే "ఓ బ్లాక్", అంటే పార్క్‌వే గార్డెన్స్, 6400 సౌత్ కింగ్ డ్రైవ్ దగ్గర ఉంది. తీసివేస్తే 3,100 నంబర్లు, దాదాపు నాలుగు మైళ్లు, ఆరు కిలోమీటర్ల పైచిలుకు. అమీర్‌పేటలో గది చూడబోతూ నాంపల్లి కేసులు లెక్కేసుకున్నట్టుంటుంది. ఇక క్యాంపస్‌కు ఆనుకుని 3510 సౌత్ మిషిగన్‌లో ఉన్నది షికాగో పోలీసుల ప్రధాన కార్యాలయం. దాన్ని చూసి దొంగలు పారిపోతారని కాదు గానీ, ఆ వీధిలో రాత్రీ పగలూ మనుషులు తిరుగుతుంటారు.

అంకెలు కూడా అలాగే మోసం చేస్తాయి. షికాగోలో 2021లో హత్యలు 800 దాకా వెళ్లాయి, 2024లో 573. నగర జనాభా సుమారు 27 లక్షలు కాబట్టి లక్షకు 21. అదే ఏడాది సెయింట్ లూయిస్‌లో లక్షకు 50 దాటింది, కానీ అక్కడ సీటొచ్చిందంటే ఎవరూ అంతగా ఉలిక్కిపడరు. షికాగో పెద్ద ఊరు కాబట్టి మొత్తం అంకె పెద్దది, ఆ అంకే హెడ్డింగు అవుతుంది. 2023లో అమెరికా మొత్తం మీద హత్యలు బాగా తగ్గాయి. అదే ఏడాది గాలప్ సర్వేలో అడిగితే 77 శాతం మంది దేశంలో నేరాలు పెరిగాయనే చెప్పారు.

భయం ఎలా పుడుతుందో చూసిన అధ్యయనం ఒకటి షికాగోలోనే జరిగింది. సామాజికశాస్త్రవేత్త రాబర్ట్ శాంప్సన్ బృందం 1995లో గంటకు ఐదు మైళ్ల వేగంతో బండి నడుపుతూ వేల వీధులను వీడియో తీసింది: చెత్త, పగిలిన సీసాలు, గోడ రాతలు, పాడుబడ్డ ఇళ్లు, అన్నీ లెక్కకు ఎక్కించారు. తర్వాత ఆ వీధులవాళ్లనే "మీ వీధి ఎంత అధ్వానంగా ఉంది?" అని అడిగారు. కెమెరాకు ఒకేలా కనిపించిన వీధుల్లోనే, నల్లజాతివాళ్లు ఎక్కువున్న చోట జనం చెప్పిన అధ్వానం ఎక్కువ. అక్కడుండే నల్లజాతివాళ్ల జవాబుల్లోనూ అదే ధోరణి. మనవాళ్లు "అది నల్లోళ్ల ఏరియా అంట" అని చప్పరించి గది వదిలేసేటప్పుడు కొలుస్తున్నది నేరాలను కాదు.

అలాగని ముప్పు లేదనడం ఇంకో రకం అబద్ధం. ఇక్కడ కాల్పులను, దోపిడీలను విడదీసి చూడాలి. సామాజికశాస్త్రవేత్త ఆండ్రూ పాపక్రిస్టోస్ బృందం షికాగో అరెస్టు రికార్డులు తిరగేస్తే, తూటా తగిలినవాళ్లలో 70 శాతానికి పైగా, కలిసి నేరాల్లో పట్టుబడిన మనుషుల వలయాల్లోనే ఉన్నారు. ఆ వలయాలన్నీ కలిపినా నగర జనాభాలో 6 శాతం లోపే. అంటే తుపాకీ గొడవలు చాలావరకు ఒకరికొకరు తెలిసినవాళ్ల మధ్యే. విద్యార్థి ఆ వలయంలో లేడు. దోపిడీ అలా కాదు. దొంగకు మీరెవరో అక్కర్లేదు, మీ చేతిలో ఫోనుందా, చెవుల్లో ఇయర్‌ఫోన్లున్నాయా, వెనక ఎవరైనా వస్తున్నారా అన్నదే చూస్తాడు. కాబట్టి గది వెతికేటప్పుడు హత్యల మ్యాపు పెద్దగా పనికిరాదు. వీధిలో దోపిడీల మ్యాపు చూడాలి.

ఇప్పుడు చోట్లు. క్యాంపస్ పక్కన, బ్రాంజ్‌విల్‌లో, పెద్ద లాభం నడక తక్కువ కావడం. సిటీ రైళ్లలో గ్రీన్ లైన్ 35వ వీధి స్టేషను క్యాంపస్ అంచునే. రెడ్ లైన్ సాక్స్-35 స్టేషను డాన్ ర్యాన్ హైవే మధ్యలో ఉంటుంది; రైలు దిగి వంతెన మీదుగా తూర్పుకు నడవాలి. రెడ్ లైన్ రాత్రంతా తిరుగుతుంది, గ్రీన్ లైన్ తిరగదు. అందుకే అర్ధరాత్రి దాటి వచ్చేవాళ్లు ఆ వంతెన మీద ఒంటరిగా చిక్కుకుంటారు. ఇక్కడ గది తీసుకుంటే చూడాల్సింది ఆ 35వ వీధి నడక ఎంత పొడవు, మధ్యలో వెలుతురుందా, రాత్రి దుకాణం ఏదైనా తెరిచుంటుందా అన్నవే. ఖాళీ స్థలాల పక్కన ఉన్న చవక గది కన్నా, నెలకు కాస్త ఎక్కువైనా క్యాంపస్ వైపున్నదే తీసుకోండి.

సౌత్ లూప్ గురించి మ్యాపులు భయపెడతాయి, ఎందుకంటే భాగహారం తప్పు. పక్కనే ఉన్న లూప్‌లో, అంటే డౌన్‌టౌన్ నడిబొడ్డులో, నివాసం ఉండేది 2020 జనగణన ప్రకారం 42 వేల మంది. పగలు పనికీ షాపింగ్‌కీ వచ్చేవాళ్లు లక్షల్లో. నేరాలు అందరివీ కలిపి, భాగించేది మాత్రం నివాసులతోనే. పైగా అందులో పెద్ద వాటా దుకాణాల్లో చిల్లర దొంగతనాలది. నిజానికి రాత్రి పది దాకా జనం ఉండే వీధులు. ఖర్చొక్కటే అడ్డు.

డెవన్ వీధి, అంటే వెస్ట్ రిడ్జ్, మనవాళ్ల ఏరియా కాబట్టి భద్రం అనుకుంటారు. 2024 ఫిబ్రవరిలో హైదరాబాద్ విద్యార్థి ఒకరిని ముగ్గురు వెంటాడి కొట్టి ఫోన్ లాక్కున్న వీడియో వైరల్ అయింది. అది జరిగింది అక్కడే, అతను ఉంటున్న ఇంటి దగ్గరే. ఒక్క ఘటనతో వెస్ట్ రిడ్జ్ చెడ్డదైపోదు. కిరాణా కొట్లో తెలుగు వినిపించడం మాత్రం భద్రతకు హామీ కాదు. ఇల్లినాయ్ టెక్‌కు అక్కణ్నుంచి 12 మైళ్లు, బస్సూ రైలూ మారాలి.

సబర్బులో దోపిడీ భయం తక్కువ, నిజమే. కానీ అక్కడ కారు లేనిదే కాలు కదలదు. అమెరికాలో ఏటా రోడ్డు ప్రమాదాల్లో పోయేవాళ్లు 40 వేల దాకా, హత్యల్లో పోయేవాళ్ల కన్నా దాదాపు రెట్టింపు. కొత్తగా లైసెన్సు తీసుకున్న కుర్రాడు, జనవరిలో మంచు, రాత్రి తొమ్మిదికి ల్యాబు ముగించుకుని హైవే ఎక్కడం: ఈ ప్రమాదాన్ని ఏ నేర మ్యాపూ చూపించదు. పైగా చవగ్గా దొరుకుతాయని కొనే పాత హ్యుందాయ్ ఎలాంట్రా, కియా బళ్లలో 2011 నుంచి 2021 దాకా తాళంచెవితో స్టార్ట్ చేసే మోడళ్లు చాలావాటికి ఇమ్మొబిలైజర్ (అసలు తాళంచెవి లేనిదే ఇంజను స్టార్ట్ కానివ్వని పరికరం) లేదు. దొంగలు యూఎస్‌బీ కేబులుతో వాటిని ఎత్తుకెళ్లడం 2022లో బాగా పెరిగింది. అవే కొంటే కంపెనీ ఉచిత సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ పడిందో లేదో డీలరు దగ్గర కనుక్కుని, స్టీరింగ్‌కు లాక్ వేయండి.

చిరునామా చేతికొచ్చాక పావుగంట పని చాలు. షికాగో డేటా పోర్టల్‌లో 2001 నుంచి నేరాల పట్టిక ఉంది. చివరి ఏడు రోజులవి అందులో ఉండవు, చిరునామా కూడా బ్లాకు వరకే చూపిస్తుంది. ఇంటి చుట్టూ నాలుగు బ్లాకులు, ఏడాది కాలం పెట్టండి. రాబరీ (దోపిడీ), అసాల్ట్ (దాడి బెదిరింపు), బ్యాటరీ (కొట్టడం) మాత్రమే ఉంచండి. "డొమెస్టిక్" గడిలో "ట్రూ" అని ఉన్నవి తీసేయండి, అవి ఇంట్లో గొడవలు. "లొకేషన్ డిస్క్రిప్షన్" గడిలో వీధి, ఫుట్‌పాత్, రైలు ప్లాట్‌ఫారం ఉంచి, అపార్టుమెంటు లోపలివి వదిలేయండి. మిగిలినవాటి గంటలు చూడండి. మీరు ఇంటికి వచ్చే వేళకు ఎన్ని పడ్డాయో అదే మీ అంకె. రెండు గదులకూ ఇలాగే చేసి పోల్చండి. ఒకే ఇంటర్‌సెక్షన్ దగ్గర సగం కేసులుంటే ఆశ్చర్యపోకండి. మినియాపొలిస్‌లో లెక్కేస్తే పోలీసులకు వచ్చిన కాల్స్‌లో సగం 3 శాతం చిరునామాల నుంచే వచ్చాయి. ఆ మూల తప్పించి వెళ్లే దారుంటే ఏరియా మార్చక్కర్లేదు.

కాలేజీ ఏటా అక్టోబరు 1 లోపు ఇచ్చే భద్రతా నివేదికను మాత్రం జాగ్రత్తగా చదవాలి. క్లెరీ చట్టం కింద అందులో లెక్కకొచ్చేది క్యాంపస్, కాలేజీ ఆస్తులు, క్యాంపస్‌ను ఆనుకున్న రోడ్డు. రెండు బ్లాకుల అవతల మీ ప్రైవేటు అపార్టుమెంటు దగ్గర జరిగింది అందులో ఉండదు. సబర్బు కాలేజీ నివేదిక తెల్లగా కనిపించడానికి ఇదీ ఒక కారణం.

ఇన్ని లెక్కలేసి గది తీసుకున్నవాళ్లు వదిలేసేది ఇంకోటుంది: రాత్రి పని. క్యాంపస్ బయట గ్యాస్ స్టేషను, కన్వీనియన్స్ స్టోరు కౌంటరు దగ్గర ఒంటరిగా నగదుతో నిలబడటం అమెరికాలో ఎక్కువ హత్యలు జరిగే ఉద్యోగాల్లో ఒకటి. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లకు అనుమతి లేకుండా అది చట్టవిరుద్ధం కూడా, కాబట్టి తుపాకీ చూపించి దోచుకున్నా పోలీసులకు చెప్పడానికి జంకుతారు. నేపర్‌విల్‌లో పడుకుని రాత్రి రెండింటికి కౌంటరు దగ్గర ఉండేవాడి కన్నా, 35వ వీధిలో పడుకుని వారానికి 20 గంటలు క్యాంపస్ లైబ్రరీలో పనిచేసేవాడికి ముప్పు తక్కువ. వర్క్ పర్మిట్ మీద చట్టబద్ధంగా అలాంటి చోట చేరేవాళ్లు ముందు మూడు చూసుకోవాలి: కౌంటరు బయటి నుంచి కనిపించేలా అద్దాలు పోస్టర్లు లేకుండా ఉన్నాయా, డబ్బు ఎప్పటికప్పుడు వేసేసే డ్రాప్ సేఫ్ ఉందా, రెండో మనిషి ఉన్నాడా. మూడింట్లో ఏది లేదన్నా ఆ షిఫ్టు వద్దనండి.

ఎక్కడున్నా దోపిడీ జరిగితే ఫోను ఇచ్చేసి, సురక్షితమైన చోటికి చేరాక 911కు చెప్పండి. బాధితుడిగా ఫిర్యాదు ఇచ్చినంత మాత్రాన వీసాకు ఇబ్బంది రాదు. రిపోర్టు మీద ఉండే ఆర్‌డీ నంబరు (షికాగో పోలీసుల కేసు నంబరు) రాసుకోండి. బ్యాంకూ ఇన్సూరెన్సూ అడిగేది దాన్నే, పాస్‌పోర్టు పోతే కాన్సులేటుకు చూపించాల్సిందీ ఆ రిపోర్టునే.