చుక్క పెడితే ఒప్పుకుంది, తెలుగు రాస్తే ఒప్పుకోలేదు: మా ఫ్యాక్టరీలో వాడిన ఆన్‌లైన్ కోర్సు

పలాసలో ఓ జీడిపప్పు ఫ్యాక్టరీలో నేను క్వాలిటీ చూస్తాను. పొట్టు తీసేవాళ్లు, గ్రేడింగ్ చేసేవాళ్లు, ప్యాకింగ్ వాళ్లు కలిపి 30 మంది దాకా ఉంటారు, ఎక్కువ మంది ఆడవాళ్లే. వాళ్ల కోసం ఆహార భద్రత మీద ఫోన్‌లో చేసుకునే తెలుగు కోర్సు ఒకటి కొన్నాం. తయారుచేసిన కంపెనీ పేరు రాయను. మొదట ఇచ్చిన కోర్సూ వాడాను, నేను పదే పదే ఫోన్ చేశాక సరిచేసి పంపిందీ వాడాను. ఇలాంటి కోర్సు కొనేటప్పుడు అందరం వీడియోలు బాగున్నాయా అని చూసి డబ్బు కట్టేస్తాం. నేనూ అదే చేశాను. జవాబులు రాసే గడులు ఎలా పనిచేస్తాయో చూడలేదు.

పాఠాలు బాగున్నాయి. గొంతు స్పష్టంగా ఉంది, బొమ్మల్లో మన వంటగదులు, మన పనివాళ్లే కనిపిస్తారు. ఒక్కో పాఠం ఐదారు నిమిషాలు. ఇందులో వంక పెట్టడానికి ఏమీ లేదు.

చిక్కంతా పాఠం చివర వచ్చే గడితో. దాన్ని తప్పనిసరిగా నింపాలి, నింపకపోతే తర్వాతి పాఠం తెరుచుకోదు. మొదటి రోజు భోజనాలయ్యాక అందరం షెడ్డులో కూర్చున్నాం. "పప్పు గదిలోకి వెళ్లే ముందు మీరు ఏమేం చేస్తారు? రాయండి" అని ప్రశ్న. పదిహేనేళ్లుగా పొట్టు తీసే పనిలో ఉన్న ఓ అప్ప, మైకు గుర్తు నొక్కి చక్కగా చెప్పింది: చేతులు కడుక్కుంటాం, గాజులు తీసేస్తాం, జుట్టు బయటికి రాకుండా టోపీ పెట్టుకుంటాం. తెలుగులో అక్షరాలు పడ్డాయి. నొక్కితే గడి చుట్టూ ఎర్ర గీత వచ్చింది, కింద ఇంగ్లీషులో ఏదో రెండు ముక్కలు, రాసిందంతా చెరిగిపోయింది. మళ్లీ చెప్పింది, మళ్లీ చెరిగింది. "ఏటి పాపా, రాసీసినాను కదా, మళ్లీ రాయమంటాదేటి?" అని ఫోన్ నా చేతిలో పెట్టింది. తనే తప్పు చేసిందనుకుంది. ఆ ముఖం చూశాక నాకు కోపం ఆగలేదు.

పక్కన కూర్చున్న ప్యాకింగ్ కుర్రాడు ఒక చుక్క పెట్టి ముందుకు వెళ్లిపోయాడు. ఇంకొకడు స్పేస్ రెండుసార్లు నొక్కి వెళ్లాడు. పది నిమిషాల్లో షెడ్డంతా తెలిసిపోయింది, చుక్క పెడితే చాలని. ఆ రోజు జవాబులన్నీ చుక్కలే.

రాత్రి కూర్చుని ఒక్కో గడిలో రకరకాలుగా రాసి చూశాను, మర్నాడు కంపెనీవాళ్లతో మాట్లాడాను. వాళ్ల ప్రోగ్రామర్ మంచి మనిషి, దాచకుండా చెప్పాడు. గడిలో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, చుక్క, కామా, ఖాళీ మాత్రమే ఉండాలని ఒక నియమం పెట్టారట. ఇంకో ఇంగ్లీషు కోర్సు నుంచి తెచ్చిన గడి అది. తెలుగు అక్షరం ఒక్కటి ఉన్నా తప్పు అంటుంది. ఖాళీ కూడా ఒక అక్షరమే కాబట్టి వెబ్‌పేజీలో "రిక్వైర్డ్" (తప్పనిసరి) అని పెట్టినంత మాత్రాన అది ఖాళీలను ఆపదు. ముందూ వెనకా ఉన్న ఖాళీలను తీసేసి, ఆ తర్వాత ఏమైనా మిగిలిందా అని చూడాలి. రెండూ చిన్న మార్పులే. తెలుగు కోర్సు అని అమ్మేముందు ఎవరైనా ఒక్కసారి తెలుగులో రాసి చూసి ఉంటే అక్కడే దొరికేవి.

ఇంకో గడిలో "కనీసం 50 అక్షరాలు" అని ఉండేది. మనకి "స్త్రీ" ఒక అక్షరం. కంప్యూటర్‌కి అది ఆరు: స, వత్తు కోసం ఒక గుర్తు, త, మళ్లీ ఆ గుర్తు, ర, చివర దీర్ఘం. కాబట్టి అక్షరాల లెక్కతో తెలుగు జవాబును కొలిస్తే ఆ లెక్క మనిషికి అర్థం కాదు. పైగా "సబ్బుతో కడుగుతాను" అన్నది పూర్తి జవాబు, దాన్ని 50 చేయమంటే ఎలా? మావాళ్లు అదే వాక్యాన్ని మూడుసార్లు రాశారు. ఆ నిబంధన తీసేయమని అడిగాను, తీసేశారు.

గ్రేడింగ్ ప్రశ్న గురించి కొంచెం వివరంగా చెప్పాలి, అది మా సొంత పని కాబట్టి. "ఒక పౌండుకి 300 నుంచి 320 పప్పులు తూగే విరగని పప్పు గ్రేడు ఏది?" అని అడిగి, డబ్ల్యూ 320 అని టైప్ చేయమన్నారు. మావాళ్లకి ఈ జవాబు నిద్రలో లేపి అడిగినా వస్తుంది. ఒకామె 320 అని రాసింది, ఒకామె అక్షరానికీ అంకెకీ మధ్య ఖాళీ వదిలింది, ఒకామె చిన్న అక్షరంతో రాసింది. ముగ్గురికీ తప్పే వచ్చింది. రోజూ చేత్తో ఏరి గ్రేడు కట్టే మనిషికి గ్రేడు తెలియదని ఫోన్ చెప్పడం నాకు నచ్చలేదు. ఇప్పుడు అక్కడ రాసే గడి తీసేసి 180, 210, 240, 320, 450 అని బటన్లు పెట్టారు. అలా పెట్టడమే సరైనది. ఒకే జవాబు ఉన్నచోట టైప్ చేయించక్కర్లేదు. మనిషి మాట వినాలనుకున్నచోటే గడి పెట్టాలి, అక్కడ మనిషి తన భాషలో రాసింది తీసుకోవాలి.

సరిచేసిన కోర్సులో నాకు బాగా నచ్చింది ప్యాకెట్ గడి. "మీ ప్యాకెట్ మీద ఉన్న ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు చూసి రాయండి" అంటుంది. అది ఆహార లైసెన్సు నంబరు, అందులో 14 అంకెలు ఉంటాయి. ఇదివరకు 12 అని రాసినా ఒప్పుకునేది. ఇప్పుడు ఒక అంకె తగ్గితే గడి కిందనే తెలుగులో "ఇందులో 14 అంకెలు ఉండాలి, మీరు 13 రాశారు" అని వస్తుంది. రాసిన అంకెలు చెరగవు. మధ్యలో ఖాళీలు వదిలితే అదే సర్దుకుంటుంది. వెబ్‌పేజీలు అందరికీ అందేలా ఉండాలని చెప్పే డబ్ల్యూసీఏజీ ప్రమాణాల్లో 3.3.1 అని ఒకటి ఉంది: ఎక్కడ తప్పు జరిగిందో చూపించి, ఆ తప్పేమిటో మాటల్లో చెప్పాలని. ఉత్త ఎర్ర గీత చాలదు. ఆ సంఖ్య రాసి మెయిల్ పెట్టాకే వాళ్లు కదిలారు, కాబట్టి మీకూ పనికొస్తుందని చెప్తున్నాను.

ఇంకా రెండు ఇబ్బందులు మిగిలే ఉన్నాయి. కోర్సు మధ్యలో ఆపి మర్నాడు తెరిస్తే, పెద్ద జవాబులు రాసినవాళ్లవి ఒక్కోసారి కనిపించడం లేదు. ఆన్‌లైన్ కోర్సులు తయారుచేయడానికి స్కార్మ్ అని ఒక ప్రమాణం ఉంది, వాళ్ల కోర్సు దాని పాత రకం స్కార్మ్ 1.2 పద్ధతిలో ఉంది. అందులో ఎక్కడ ఆపామో, ఏం రాశామో దాచుకునే చోటు 4,096 అక్షరాలే, అవీ కంప్యూటర్ లెక్కలో. స్కార్మ్ 2004 మూడో ఎడిషన్ నుంచి అది 64,000. మారుస్తామన్నారు, ఇంకా మార్చలేదు. రెండోది, రాసిన తర్వాత బయట ఎక్కడో ఒకసారి నొక్కితే తప్ప "తర్వాత" బటన్ వెలగదు. కొత్తవాళ్లు రాసేసి, బటన్ కోసం చూస్తూ కూర్చుంటారు.

అయినా ఈ కోర్సు మళ్లీ కొంటాను, ఎందుకో చెప్తాను. సరిచేశాక జవాబులన్నీ ఒక షీటుగా నాకు వస్తున్నాయి. మొదటి రోజు చెరిపేసిన అదే ప్రశ్నకి, అదే అప్ప ఈసారి ఇలా రాసింది: "చేతులు కడుగుతాం. మధ్యాన్నం తర్వాత కుళాయి దగ్గర సబ్బు ఉండదు, అప్పుడు నీళ్లతోనే." నేను రోజూ పొద్దున్నే కుళాయి దగ్గరికి వెళ్లి సబ్బు ఉందని టిక్ పెడుతున్నాను. మధ్యాహ్నం ఎప్పుడూ వెళ్లలేదు. ఆమె ఎదురుగా నాతో ఈ మాట అనేది కాదు. గడిలో రాసింది. ఇప్పుడు భోజనాల గంటకి ఇంకో సబ్బు పెడుతున్నాం, నేను రెండు పూటలా చూస్తున్నాను.

5కి 3.5 ఇస్తాను. కొనేముందు డెమో అడగండి, తప్పనిసరి గడుల్లో మీరే నాలుగు రకాలుగా రాసి చూడండి: ఉత్త ఖాళీలు, ఒక చుక్క, ఒక తెలుగు వాక్యం, ఒక పెద్ద తెలుగు పేరా. పేరా రాశాక కోర్సు మూసి మర్నాడు తెరవండి. ఫోన్‌లోనే చూడండి, కీబోర్డు పైకి వచ్చినప్పుడు తప్పు చెప్పే మాట దాని వెనక దాక్కుంటోందేమో కూడా గమనించండి.