బ్రాడీపేట బల్క్ ఎస్ఎంఎస్ ఆఫీసు: సమ్మతి రాసిన తీరుకే నా మార్కులన్నీ

మాది గుంటూరు కొత్తపేటలో కళ్లజోళ్ల షాపు. డీఎల్‌టీ రిజిస్ట్రేషన్ (వ్యాపార మెసేజీలు పంపేవాళ్లు టెలికాం కంపెనీల పోర్టల్‌లో చేసుకోవాల్సిన నమోదు), టెంప్లేట్లు (అక్కడ ముందే ఆమోదం తీసుకోవాల్సిన మెసేజీ నమూనాలు), నెలనెలా మెసేజీలు పంపడం అన్నీ బ్రాడీపేటలోని ఈ ఆఫీసుకే అప్పజెప్పాను. రేట్లు తక్కువేం కాదు. అయినా నాలాంటి చిన్న షాపుల వాళ్లకు గట్టిగా చెబుతాను, వీళ్ల దగ్గరికి వెళ్లండి. కస్టమర్ ఒప్పుకున్నాడన్న సంగతి ఎలా రాయాలో వీళ్లకు తెలుసు.

ఇంతకుముందు ఈ పని విజయవాడలో ఒక ఏజెన్సీకి ఇచ్చాం. ఆ రిజిస్ట్రేషన్ ఫారంలో సమ్మతి వివరం రాయాల్సిన చోట వాళ్లు ‘మా కస్టమర్లు మెసేజీలకు అంగీకరించారు’ అని ఒక్క ముక్క పెట్టి పంపారు. టెలికాం కంపెనీ వాళ్లు తిరస్కరించారు. అదే వాక్యాన్ని అటూ ఇటూ మార్చి మళ్లీ పంపారు, మళ్లీ అదే జవాబు. ఈలోపు సంక్రాంతి సీజన్ దాటిపోయింది. ఎందుకు వెనక్కి వస్తోందని అడిగితే ‘పోర్టల్ అంతేనండీ’ అన్నారు.

ఈ ఆఫీసు అబ్బాయి ఫారం ముట్టుకోకముందే మా షాపుకొచ్చాడు. కౌంటర్ పక్కన కూర్చుని మేం ఆర్డర్లు తీసుకోవడం చూశాడు. "మేడం, ఫోన్ నంబరు ఎందుకని చెప్పి అడుగుతున్నారు?" అన్నాడు. జోడు తయారయ్యాక కబురు చేయడానికి అన్నాను. "అయితే వాళ్లు ఒప్పుకున్నది అంతవరకే. ఉగాది ఆఫర్‌కి ఒప్పుకున్నట్టు కాదు కదండీ."

ఆ మాటతోనే పనంతా తేలికైంది. మేం పంపాలనుకున్నవి మూడు రకాలు. ‘మీ కళ్లజోడు రెడీ’ అన్నది కస్టమర్ ఇచ్చిన ఆర్డరుకు సంబంధించింది, అది సర్వీసు మెసేజీ. పండగ తగ్గింపు పూర్తిగా ప్రచారం. ఏడాది తర్వాత ‘కంటి పరీక్ష చేయించుకోండి’ అని గుర్తుచేసేది ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది, దానికీ విడిగా అడగడమే మంచిదన్నాడు. అందుకని ఆర్డర్ చీటీ అడుగున రెండు ఖాళీ గడులు పెట్టించాడు: ఒకటి కంటి పరీక్ష గుర్తుచేయడానికి, ఇంకొకటి ఆఫర్లకు. ముందే టిక్ కొట్టి ఉంచకూడదని మా కుర్రాళ్లకు కూడా గట్టిగా చెప్పి వెళ్లాడు.

తర్వాత ఫారంలోకి రాసింది ఇదీ, ఎవరికైనా పనికొస్తుందని ఇక్కడ పెడుతున్నాను: ‘గుంటూరులోని మా షాపులో కళ్లజోడు ఆర్డరిచ్చేటప్పుడు కస్టమర్‌కు తెలుగులో అచ్చు వేసిన చీటీ ఇస్తాం. అందులో మా షాపు పేరు, ఏ మెసేజీలు వస్తాయో, నెలకు రెండుకు మించవన్న మాట, ఆపించుకునే పద్ధతి ఉంటాయి. ఇష్టమైతే కస్టమరే టిక్ పెట్టి సంతకం చేస్తారు. టిక్ పెట్టకపోయినా ఆర్డరు తీసుకుంటాం.’ ఇది ఇంగ్లీషులోకి మార్చి, చీటీ ఫొటో జతచేసి పంపాడు. ఆమోదం వచ్చింది. ఈ నాలుగు మాటలు చదివితే మా షాపులో ఎప్పుడూ అడుగుపెట్టని మనిషికి కూడా, ఎవరు, ఎక్కడ, దేనికి ఒప్పుకున్నారో అర్థమవుతుంది.

టిక్ పెట్టకపోయినా ఆర్డరు తీసుకుంటామన్న చివరి వాక్యం నాకు చాలా నచ్చింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా సమ్మతి స్వేచ్ఛగా, షరతుల్లేకుండా ఉండాలనే చెబుతోంది. అడిగే మాటలు ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషలో గానీ చదువుకునే వీలు ఉండాలంటుంది. సత్తెనపల్లి, ప్రత్తిపాడు వైపు నుంచి వచ్చే పెద్దవాళ్లకు తెలుగు చీటీ కాక ఇంకేం ఇస్తాం? పైగా కళ్లు సరిగా కనపడకే కదా మా దగ్గరికొస్తారు! అందుకే అక్షరాలు పెద్దవిగా వేయించాం, చదివి వినిపిస్తున్నాం. మొన్న ఒక మిర్చి రైతు మొత్తం విని, "పరీక్ష సంగతి గుర్తుచెయ్యమ్మా, ఆఫర్లు నాకెందుకు" అని ఒక్క గడిలోనే టిక్ పెట్టారు. ఆయనకు ఆఫర్ల మెసేజీ వెళ్లదు. జాబితాలు అలా విడదీసి పెట్టారు వీళ్లు.

చీటీ మీది టిక్‌తో కథ అయిపోదని కూడా ముందే చెప్పారు. సమ్మతిని డిజిటల్‌గా తీసుకునే ఏర్పాటు చేయమని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023 జూన్‌లో టెలికాం కంపెనీలను ఆదేశించింది. ఆ పద్ధతిలో సమ్మతి అడిగే మెసేజీ 127తో మొదలయ్యే నంబరు నుంచి వస్తుంది. ఎవరు, ఎందుకు అడుగుతున్నారో అందులో స్పష్టంగా ఉండాలి. అది అమల్లోకి వచ్చాక వేరే దారుల్లో తీసుకున్న పాత సమ్మతులు చెల్లవు, మళ్లీ అడగాల్సిందే. అప్పుడు మా చీటీలోని వాక్యాలే అక్కడా వాడతామన్నారు. అవునా కాదా అని కస్టమర్ ఫోన్లో తేల్చుకునేటప్పుడు చూసేది ఆ వాక్యాలనే, కాబట్టి ఇప్పుడు పడ్డ శ్రమ వృథా పోదు.

లోపాలు లేకపోలేదు. ఉదయం పదకొండు దాటితే గానీ ఫోన్ ఎత్తరు. నెలవారీ రిపోర్టు ఇంగ్లీషులోనే ఇస్తారు, మా కౌంటర్ అమ్మాయికి నేనే విడమర్చి చెప్పాలి. తెలుగు మెసేజీ ఖర్చు గురించి ముందుగా చెప్పి ఉండాల్సింది. ఇంగ్లీషులో ఒక మెసేజీకి 160 అక్షరాలు పడితే తెలుగులో 70 మాత్రమే, గుణింతాలు, వత్తులు కూడా విడివిడిగా లెక్కలోకొస్తాయి. మా రిమైండర్ కాస్త పొడుగైతే రెండు మెసేజీల డబ్బు పడుతోంది. అయినా తెలుగులోనే పంపుతున్నాం.

వెళ్లేవాళ్లు జీఎస్టీ, పాన్ కాపీలతో పాటు మీ బిల్లు పుస్తకం కూడా పట్టుకెళ్లండి, మొదట అడిగేది అదే. డీఎల్‌టీ ఫీజు వేరుగా, సర్వీసు చార్జీ వేరుగా బిల్లు వేయమంటే వేస్తారు. సాయంత్రం నాలుగు తర్వాతైతే రద్దీ ఉండదు.