బరువు తగ్గింది సరే, ఇన్సర్ట్ కీ ఎక్కడ?

తేలికపాటి లాప్‌టాప్‌ల మీద వచ్చే సమీక్షల్లో సగం స్క్రీన్ గురించే. తెర మీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో పనిచేసే చూపులేనివాళ్లకు అందులో అక్కరకొచ్చేది దాదాపు ఏమీ ఉండదు. మన వేళ్లకు తగిలేది కీబోర్డు, చెవికి అందేది సౌండ్. బరువు తగ్గించేటప్పుడు కోత పడేది సరిగ్గా ఈ రెండింటికే. 14 అంగుళాల, 1.2 కిలోల విండోస్ మెషిన్ మీద ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్‌తో మూడేళ్ల రోజువారీ వాడకం తర్వాత రాస్తున్న సమీక్ష ఇది. మోడల్ పేరు చెప్పి లాభం లేదు, ఏడాది తిరిగేసరికి దాని కీల అమరికే మారిపోతుంది.

ముందు సైజు సంగతి. 15.6 అంగుళాల వాటిలో చాలామటుకు నంబర్ ప్యాడ్ వస్తుంది. ఎన్‌వీడీఏ డెస్క్‌టాప్ లేఅవుట్‌కు అది హాయి: 7, 8, 9తో లైన్లు, 4, 5, 6తో పదాలు, 1, 2, 3తో అక్షరాలు వినొచ్చు. కానీ బరువు పెరుగుతుంది, అక్షరాల కీలన్నీ ఎడమకు జరుగుతాయి. 14 అంగుళాల్లో ఆ ప్యాడ్ ఉండదు. ఎన్‌వీడీఏ ఆదేశాలకు పట్టుకోవాల్సిన ‘ఎన్‌వీడీఏ కీ’ మామూలుగా ఇన్సర్టే, అది పై వరసలో మూలకో, ఎఫ్ఎన్‌తో కలిపి నొక్కేచోటికో పోతుంది. అందుకే మొదటిరోజే ఎన్‌వీడీఏ కీ, కంట్రోల్, కె కలిపి నొక్కి, లేఅవుట్‌ను లాప్‌టాప్‌కు మార్చి, క్యాప్స్ లాక్‌ను ఎన్‌వీడీఏ కీగా టిక్ చేసుకోవాలి. అసలు క్యాప్స్ లాక్ కావాలంటే వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే చాలు. చదువుతూ పొమ్మనడానికి ఇకనుంచి ఎన్‌వీడీఏతో కింది బాణం కాదు, ఎన్‌వీడీఏతో ఎ.

బాణం కీల విషయంలో రాజీ పడొద్దు. ఎడమ, కుడి బాణాలు నిండు సైజులో ఉండి, వాటి మధ్య పై, కింది బాణాలు సగం సైజులో ఇరుక్కుని ఉంటే వేలికి తేడా తెలియదు. లాప్‌టాప్ లేఅవుట్‌లో గొంతు వేగం మార్చాలంటే ఎన్‌వీడీఏ, షిఫ్ట్, కంట్రోల్ పట్టుకుని బాణం నొక్కాలి. నాలుగో వేలు సగం కీ మీద పడేసరికి వేగం తగ్గాల్సింది పెరుగుతుంది. పై బాణానికి రెండు పక్కలా ఖాళీ ఉన్న అమరిక అన్నిటికన్నా మేలు. అక్కడ పేజ్ అప్, పేజ్ డౌన్ పెట్టిన మెషిన్లూ ఉన్నాయి, అలవాటయ్యే దాకా పొరపాట్లు తప్పవు.

ఫంక్షన్ కీల వరసలో నాలుగేసి కీల తర్వాత చిన్న ఖాళీ ఉందో లేదో తడిమి చూడండి. లేకపోతే ఎఫ్5 కోసం ప్రతిసారీ ఎస్కేప్ నుంచి లెక్కపెట్టుకుంటూ రావాలి. ఎఫ్4, ఎఫ్8, డిలీట్ మీద ఒక్కో నెయిల్ పాలిష్ చుక్క పెట్టి, ఆరాక ఇంకో చుక్క వేస్తే సరిపోతుంది. లావుపాటి సిలికాన్ బొడిపెలు అంటించకండి. పల్చటి మెషిన్‌లో మూత వేసినప్పుడు అవి నేరుగా స్క్రీన్‌కు ఒత్తుకుంటాయి.

కొత్త మెషిన్‌లో ఆల్ట్ ఎఫ్4 నొక్కితే విండో మూతపడక ఏ వాల్యూమో మారుతుందంటే ఆ వరస మీడియా కీలుగా ఉందన్నమాట. చాలా లెనోవో, డెల్ మెషిన్లలో ఎఫ్ఎన్, ఎస్కేప్ కలిపి నొక్కితే మారుతుంది, కొన్ని హెచ్‌పీలలో ఎఫ్ఎన్, షిఫ్ట్. లేకుంటే విండోస్ లేవకముందే తెరిచే బయోస్ సెట్టింగ్స్‌లో మార్చాలి. చాలా మెషిన్లలో బయోస్‌కు మాట రాదు, కళ్లున్నవాళ్ల సాయమో ఫోన్ కెమెరా యాపో కావాలి. మైక్రోసాఫ్ట్ ఏఐ సహాయకుణ్ని పిలిచేందుకు 2024 నుంచి వస్తున్న కోపైలట్ కీ మరో తలనొప్పి. కుడి కంట్రోల్‌నో, కుడి క్లిక్ మెనూ తెరిచే అప్లికేషన్స్ కీనో మింగేసి అది కూర్చుంటుంది. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్‌లోని కీబోర్డ్ మేనేజర్‌తో దాన్ని తిరిగి అప్లికేషన్స్ కీ చేసుకోవచ్చు. అంతవరకు షిఫ్ట్ ఎఫ్10.

పై వరస అసలు కీలే కాకుండా నున్నటి టచ్ పట్టీ అయితే ఎంత తేలికైనా కొనొద్దు. 2022లో వచ్చిన డెల్ ఎక్స్‌పీఎస్ 13 ప్లస్‌లో ఎస్కేప్, డిలీట్ కూడా ఆ పట్టీ మీదే. యాపిల్ 2016లో టచ్ బార్ పెట్టి, 2019లో 16 అంగుళాల మెషిన్‌తో నిజమైన ఎస్కేప్ కీని వెనక్కి తెచ్చింది. వెతకబోయి తాకితే చాలు పని జరిగిపోయే కీ మనకు కీ కాదు.

పవర్ బటన్ డిలీట్ పక్కనే ఉండటం ఇప్పుడు మామూలైపోయింది. కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌లో పవర్ బటన్‌కు ‘డూ నథింగ్’ పెట్టేయండి. మూత మూస్తే హైబర్నేట్ అయ్యేలా కూడా అక్కడే పెట్టుకోవచ్చు. స్లీప్‌లో వదిలేస్తే సంచిలో మెలకువ వచ్చి వేడెక్కుతుంది, బ్యాటరీ అయిపోయాక గానీ తెలియదు.

ఇక సౌండ్. వాడకంలో అన్నిటికన్నా ఎక్కువ విసిగించేది మొదటి అక్షరం మింగడం. మాట ఆగిన కాసేపటికి కరెంటు ఆదా కోసం సౌండ్ చిప్ నిద్రపోతుంది. మళ్లీ ఏదైనా కీ నొక్కితే అది లేచేలోపు ముందు ముక్క పోతుంది, ‘నాట్ చెక్డ్’ కాస్తా ‘చెక్డ్’ అని వినిపిస్తుంది. ఎన్‌వీడీఏ సెట్టింగ్స్ ఆడియో విభాగంలో, మాట ఆగాక పరికరాన్ని ఎంతసేపు మేలుకొలిపి ఉంచాలన్న గడి ఉంది. మామూలుగా 30 సెకన్లు ఉంటుంది, దాన్ని 300 చేస్తే చాలావరకు తీరుతుంది, బ్యాటరీ కొంచెం ఎక్కువ తింటుందంతే. డాల్బీ, వేవ్స్ లాంటి ఎఫెక్ట్స్ ఆపేస్తే మాట శుభ్రంగా వస్తుంది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పాటలకు బాగుంటాయి గానీ కీ నొక్కాక మాట ఆలస్యం. 3.5 ఎంఎం జాక్ లేని మెషిన్ తీసుకోకపోవడమే మంచిది. మీటింగ్‌లో ఒక చెవికి ఎన్‌వీడీఏ, రెండో చెవికి మనుషులు కావాలంటే ఎన్‌వీడీఏ, ఆల్ట్, ఎస్. 2024.2 వెర్షన్‌లో వచ్చిన ఈ ఒక్కటి చాలా ఖర్చు తప్పించింది.

తెలుగుకు ఎన్‌వీడీఏతోనే వచ్చే ఈస్పీక్ గొంతు మరలాగే ఉంటుంది, కానీ నొక్కగానే పలుకుతుంది, వేగం పెంచినా తెలుస్తుంది. వర్డ్‌కు విడిగా ఒక కాన్ఫిగరేషన్ ప్రొఫైల్ (ఆ ప్రోగ్రాంలో మాత్రమే పనిచేసే సెట్టింగ్స్) చేసి అందులో తెలుగు గొంతు పెట్టుకుంటే మాటిమాటికీ మార్చే పని ఉండదు. తెలుగు టైపింగ్‌కు ఇన్‌స్క్రిప్ట్ అనే కీల అమరిక వాడేవాళ్లు కుడి అంచు తడిమి చూసుకోవాలి. ‘ట’ కొటేషన్ గుర్తు కీ మీద, ‘డ’ చదరపు బ్రాకెట్ కీ మీద ఉంటాయి. 11, 12 అంగుళాల బుల్లి మెషిన్లలో నొక్కిపెట్టి సన్నం చేసేది ఆ కీలనే.

ర్యామ్ 16 జీబీ ఉండాలి. తినేది స్క్రీన్ రీడర్ కాదు, బ్రౌజర్. టచ్ స్క్రీన్ వద్దు. ఓఎల్ఈడీకి డబ్బు పెట్టొద్దు, అయితే చిన్న తిరకాసు ఒకటుంది: తెరను నల్లగా చేసే ఎన్‌వీడీఏ స్క్రీన్ కర్టెన్ వేస్తే ఓఎల్ఈడీలో కరెంటు మిగులుతుంది, మామూలు ఎల్‌సీడీలో వెనక దీపం వెలుగుతూనే ఉంటుంది కాబట్టి బ్రైట్‌నెస్‌ను కూడా సున్నాకు దించాలి. లాగిన్‌కు ముఖం కన్నా వేలిముద్ర నయం.

సికింద్రాబాద్ కంప్యూటర్ షాపుల సముదాయం సీటీసీలోనో ఇంకెక్కడో, షాపుకు వెళ్లేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో ఎన్‌వీడీఏ పోర్టబుల్ కాపీ (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచేది) తీసుకెళ్లండి. ముందు విండోస్, కంట్రోల్, ఎంటర్ నొక్కితే విండోస్‌లోనే ఉండే స్క్రీన్ రీడర్ నెరేటర్ లేస్తుంది, దాని సాయంతో పెన్‌డ్రైవ్ తెరవచ్చు. నోట్‌ప్యాడ్‌లో నాలుగు లైన్లు కొట్టి, హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఒక నిమిషం ఏమీ నొక్కకుండా ఆగి, అప్పుడు బాణం నొక్కి వినండి. ఆ నిమిషం ఆగనివ్వని షాపులో కొనక్కర్లేదు. పోర్టబుల్ కాపీ అడ్మిన్ అనుమతి అడిగే తెర మీద మాట్లాడదు, దాన్ని లోపంగా లెక్కవేయకండి. బిల్లు వేసేముందు విండోస్ ఎస్ మోడ్‌లో (మైక్రోసాఫ్ట్ స్టోర్ యాప్‌లు మాత్రమే నడిచే పద్ధతి) ఉందేమో అడగండి. ఉంటే స్టోర్ నుంచి ఉచితంగా బయటికి వచ్చేదాకా ఎన్‌వీడీఏ ఎక్కదు. చవకని విండోస్ లేకుండా డాస్‌తో వచ్చేది తీసుకుంటే విండోస్ ఎక్కించేటప్పుడు సౌండ్ డ్రైవర్ లేక నెరేటర్ మూగబోయే అవకాశం ఎక్కువ. ఆ పని షాపువాళ్ల చేతే చేయించి, సౌండ్ విన్నాకే డబ్బివ్వండి.

పల్చటి మెషిన్లు చాలావాటిలో కీబోర్డు పై చట్రంతో కలిసే ఉంటుంది, నీళ్లు పడితే మొత్తం మార్చాలి. సర్వీసుకు ఇచ్చేముందు, డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీని ఫోన్‌లో దాచుకోండి. అలాగే మీ సెట్టింగ్స్‌తో సహా పోర్టబుల్ కాపీ కొత్తగా ఒకటి చేసి పెట్టుకోండి. విండోస్ కొత్తగా ఎక్కించి ఇచ్చినా పెన్‌డ్రైవ్ పెట్టగానే మీ గొంతు, మీ వేగం కౌంటర్ దగ్గరే వినిపిస్తాయి.