సూపర్‌ఫీట్ గ్రీన్ ఇన్‌సోల్: నొక్కి చూస్తే నచ్చదు

షాపులో ఇన్‌సోల్ (షూ లోపల పాదం కింద వేసే పొర) చేతికిస్తే అందరం చేసే పని ఒకటే, బొటనవేలితో నొక్కి చూడటం. మెత్తగా దిగితే సంతోషం. సూపర్‌ఫీట్ గ్రీన్‌ని అలా నొక్కితే మాత్రం కొనబుద్ధి కాదు. పైన ఫోమ్, కింద మడమ నుంచి పాదం మధ్య దాకా గట్టి ప్లాస్టిక్. దీని పనితనమంతా ఆ ప్లాస్టిక్‌లోనే ఉంది. మడమ దగ్గర లోతుగా గిన్నెలా ఉండి, అక్కడుండే కొవ్వు పొరని పక్కలకు చెదరనివ్వదు.

పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే నాకు మడమ కలుక్కుమనేది. ఫిజియోథెరపిస్ట్ గారు ప్లాంటార్ ఫేషియైటిస్ (మడమ నుంచి వేళ్ల దాకా అరికాల్లో ఉండే పట్టీ దెబ్బతిని వచ్చే నొప్పి) అని చెప్పి, పిక్కలు సాగదీసే వ్యాయామాలతో పాటు ఇలాంటి గట్టి రకం వాడమన్నారు. అంతకుముందు వాడిన జెల్ రకం (కంపెనీ పేరు ఎందుకులెండి) కేబీఆర్ పార్కు చుట్టూ నడవడానికి హాయిగానే ఉండేది. పరుగు మొదలెడితే చెమటకి ముందుకు జారి వేళ్ల దగ్గర ముడతలు పడేది. పైగా బరువు.

షూతో వచ్చిన ఇన్‌సోల్ తీసేశాకే దీన్ని పెట్టాలి. దాని మీదే వేస్తే పాదం ఎత్తు పెరిగి, పరిగెత్తుతుంటే మడమ షూలోంచి ఊడొస్తుంది. పాతదాన్ని దీని అడుగున మడమలు కలిసేలా ఆనించి, పెన్నుతో గీసి, వేళ్ల వైపు మాత్రమే కత్తిరించాలి. గీతకి కాస్త బయటే కోయండి. షూలో పెట్టి చూసి, అంచు పైకి లేస్తే అప్పుడు ఇంకొంచెం.

ఇది అరికాలి వంపు ఎక్కువున్నవాళ్లకి. తడి కాలు గచ్చు మీద పెట్టినప్పుడు పాదమంతా అచ్చు పడితే గ్రీన్ జోలికి పోవద్దు, అరికాల్లో ఒత్తుకుంటుంది. అదే కంపెనీలో వంపు తక్కువకి బ్లాక్, మధ్యస్థంగా ఉంటే బ్లూ ఉన్నాయి. సరైనదే కొన్నా, కొత్తలోనే ఆదివారం లాంగ్ రన్‌కి వేసుకెళ్లకండి. నేను ముందు ఆఫీసుకి వేసుకుని అలవాటు చేసుకున్నాను.

హైదరాబాద్ మారథాన్‌లో ఫ్లైఓవర్లు దిగేటప్పుడు షూలో మడమ అటూ ఇటూ కదలకపోవడం నాకు బాగా నచ్చింది. ధర మాత్రం ఎక్కువే, ఆ డబ్బుకి మామూలు షూ జతే వస్తుంది. కంపెనీ లెక్క ప్రకారం 12 నెలలు లేదా దాదాపు 800 కిలోమీటర్లు వస్తాయి. ఈలోగా షూ అరిగిపోతే, అదే సైజు కొత్త షూలోకి మార్చుకోవచ్చు.