సూళ్లూరుపేట లాడ్జి మేడ, భీములవారిపాలెం ఈలలు

రాత్రిపూట ఎగిరే వలస పక్షుల పిలుపులు విందామని వెళితే సూళ్లూరుపేటలో లాడ్జివాళ్లు నిలువునా ముంచారు. "మేడమీద రాత్రంతా కూర్చోండి సార్, ఎవరడుగుతారు" అని ఫోన్లో చెప్పిన మనిషే, 1,400 రూపాయలు కట్టించుకున్నాక తాళంచెవి ఓనరు దగ్గరుందన్నాడు. ఓనరేమో చెన్నైలో ఉన్నాడట. గట్టిగా అడిగితే రాత్రి పదిన్నరకి తాళం తీశారు. పైన వరసగా ఏసీ మిషన్ల రొద, పక్కనే కల్యాణ మండపం జనరేటరు. పక్కనున్న మనిషి మాటే వినపడని చోట ఆకాశంలో పోయే పిట్ట కూత ఏం వినపడుతుంది? డబ్బు వెనక్కి అడిగితే "రూము వాడుకున్నారుగా" అన్నాడు. మా బావమరిది "పిట్టలు పగలు కూడా ఉంటాయి బావా" అని ముసుగు తన్నాడు.

మర్నాడు నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతుల్ని చూశాం, బాగుంది.

సాయంత్రం తడ దగ్గర భీములవారిపాలెం రేవుకి ఆటో మాట్లాడుకున్నాం. రానుపోను, వెయిటింగుతో కలిపి 900. ఒక్క రూపాయి కూడా దండగ కాదు. చెప్పకుండానే ఇంజను ఆపి, లైటు ఆర్పిన డ్రైవరు అతను. పులికాట్ సరస్సు మీద చీకటి పడ్డాక మొదట తీతువు అరిచింది, తర్వాత రాత్రి కొంగ "క్వాక్" మంది. అవి ఇక్కడివే, లెక్కలోంచి తీసెయ్యాలి. కాసేపటికి బావమరిదే నా మోచెయ్యి పట్టుకుని పైకి చూపించాడు. ఒకే శ్రుతిలో ఏడెనిమిది ఈలలు, గబగబా. విమ్‌బ్రెల్, వంకర ముక్కు వలస పిట్ట! వెనకాలే ఇంకో గొంతు, మొదటి ఈల పొడుగు, తర్వాతవి పొట్టి. అది రెడ్‌షాంక్, ఎర్రకాళ్ల పిట్ట. రెండూ బురదనేలల్లో మేసే ఉల్లంకి జాతివే. "ఉల్లంకులు సార్, ఎండలు ముదిరితే పోతాయి" అన్నాడు డ్రైవరు. నిజమే, మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇవి ఉత్తర దిక్కుకి మళ్లుతాయి. పగలంతా బురదలో మేసి కొవ్వు పట్టించుకుంటాయి. రాత్రి గాలి చల్లగా, నిలకడగా ఉంటుంది, డేగల బెడద తక్కువ. చీకట్లో గుంపు చెదరకుండా ఒకదాన్నొకటి పిలుచుకుంటూ పోతాయి. కనిపించని పిట్టను గొంతుతో పోల్చుకోవడంలో ఉన్న ఆనందం నాకు ఏ బైనాక్యులర్సూ ఇవ్వలేదు.

మబ్బు పట్టిన రాత్రి దొరికితే వదలకండి, పక్షులు కిందుగా ఎగురుతాయి, పిలుపులు బాగా వినపడతాయి. దోమల మందు తప్పనిసరి. అక్టోబరు, నవంబరుల్లో వచ్చే గుంపుల్నీ వినొచ్చు గానీ అప్పుడు మనకి వానలు. లాడ్జికి అడ్వాన్సు ఇచ్చేముందు మేడ ఎక్కి చూడండి. తాళం వేసుంటే అక్కడ దిగొద్దు.