అయోడిన్ మాత్రలు అడిగితే అమ్మని మందుల షాపు, అంబాజీపేట

అంబాజీపేటలో కొబ్బరి మార్కెట్‌కి వెళ్లే దారిలో ఉన్న ఒక చిన్న మందుల షాపు గురించి రాస్తున్నాను. బోర్డు మీద రంగు వెలిసిపోయింది. ఈమధ్య వచ్చిన ఏసీ షాపుల పక్కన సరిగా కనపడదు కూడా. మా ఇంట్లో మందులన్నీ ఇక్కడివే. అత్తయ్యగారి ఇన్సులిన్, మావారి బీపీ మాత్రలు, నా థైరాయిడ్ మాత్ర. ఫైవ్ స్టార్ ఇస్తున్నాను. ఇంట్లోవాళ్లు ఎవరైనా దూరదేశంలో ఉండి, టీవీలో యుద్ధం అన్న మాట వినగానే గుండె దడదడలాడే వాళ్లు కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు మామూలు సంగతులు. ఇన్సులిన్ పెట్టే ఫ్రిజ్‌లో థర్మామీటరు వేలాడుతూ ఉంటుంది, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉందో లేదో మనమే చూసుకోవచ్చు. కరెంటు పోతే ఇన్వర్టరు ఉంది. ఏ మందు ఇచ్చినా షీటు మీద పొద్దున, రాత్రి అని తెలుగులో స్కెచ్ పెన్నుతో రాసి ఇస్తారు. యాంటీబయాటిక్ చీటీ లేకుండా ఇవ్వరు. బిల్లు చూపిస్తే వాడని షీట్లు వెనక్కి తీసుకుంటారు.

ఇక అసలు విషయం. 2022లో మా పెద్దాడు ఉక్రెయిన్‌లో జపోరిజియా అనే ఊళ్లో ఎంబీబీఎస్ చదువుతున్నాడు. అక్కడి వైద్య విశ్వవిద్యాలయంలో మన పిల్లలు చాలామందే ఉండేవారు. ఫిబ్రవరి 24న యుద్ధం మొదలైంది. 27న పుతిన్ అణు బలగాలను ప్రత్యేక అప్రమత్తతలో ఉంచమన్నాడని వార్త వచ్చింది. మార్చి 1న ఖార్కివ్‌లో కర్ణాటక కుర్రాడు ఒకడు చనిపోయాడు. ఆ రాత్రుళ్లు మా ఇంట్లో టీవీ కట్టలేదు. ఒక చానల్లో పుట్టగొడుగులా మేఘం లేవడం గ్రాఫిక్స్‌లో మళ్లీ మళ్లీ చూపించేవారు, కింద ఎర్ర అక్షరాలతో మూడో ప్రపంచ యుద్ధం అని. తల్లులు చూస్తుంటారని వాళ్లకి తట్టలేదేమో.

మావాడు తోటి పిల్లలతో రైలెక్కి పడమటి సరిహద్దు దాటి హంగేరీ చేరాడు. హమ్మయ్య అనుకుని కాస్త కళ్లు మూశామో లేదో, మార్చి 4 తెల్లవారుజామున జపోరిజియా అణు విద్యుత్ కేంద్రంలో మంటలని వార్త. ఆరు రియాక్టర్లు, యూరప్ మొత్తంలో పెద్దది. మావాడు ఉన్న ఊరికీ దానికీ మధ్య దూరం మా ఊరికీ కాకినాడకీ ఉన్నంత. అప్పటికి వాడు అక్కడ లేడు, తెలుసు. అయినా వాడు పీల్చిన గాలిలో ఏముందో, వాడి స్నేహితులు ఇంకా ఎంతమంది అక్కడ ఉన్నారో అని ఒకటే టెన్షన్. హైదరాబాద్ నుంచి మా చెల్లెలి కూతురు ఫోన్ చేసి, యూరప్‌లో జనం అయోడిన్ మాత్రలకి ఎగబడుతున్నారట, మీరూ ఓ డబ్బా తెచ్చి పెట్టుకోండి పెద్దమ్మా అంది. మా వీధి వాట్సాప్ గ్రూపులో అప్పటికే అయోడిన్ ఉప్పు ఎక్కువ తినమని మెసేజ్ తిరుగుతోంది.

మా వాళ్ల భయాన్ని తేలిగ్గా తీసుకోకండి. కోనసీమలో పుట్టినవాళ్లకి మంట అంటే ఏమిటో తెలుసు. 1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర గ్యాస్ బావి బ్లోఅవుట్ అయి 65 రోజులు మండింది. నాకప్పుడు పెళ్లి కాలేదు. రాత్రి వీధిలోకి వస్తే ఆకాశం ఎర్రగా ఉండేది, ఆ హోరుకి పసిపిల్లలు నిద్రపోయేవారు కాదు. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయారు, కొబ్బరిచెట్లు నిలువునా మాడిపోయాయి. ఎక్కడో మంట అంటే మాకు ఎక్కడోలా ఉండదు.

ఆ రోజు పొద్దున్నే షాపు దగ్గరికి వెళ్లేసరికి నాలాంటి వాళ్లు ఇంకొందరు ఉన్నారు. అయోడిన్ మాత్రలున్నాయా అని నేనే అడిగాను. షాపు నడిపే తమ్ముడు బీ ఫార్మసీ చదివినవాడు, మనిషి నెమ్మది. "అక్కా, మీవాడు ఇప్పుడెక్కడున్నాడు?" అన్నాడు. హంగేరీలో అన్నాను. "అయితే ముందు కూర్చోండి" అని స్టూలు ఇటు జరిపాడు.

పక్క కిరాణా కొట్టు నుంచి కిలో ఉప్పు ప్యాకెట్ తెప్పించాడు. వెనక చీమ తలకాయంత అక్షరాల మీద పెన్ను మొన పెట్టి చూపించాడు. కనీసం 15 పీపీఎం అయోడిన్ అని ఉంది. అంటే కిలో ఉప్పులో 15 మిల్లీగ్రాములు. అణు ప్రమాదం జరిగినప్పుడు పెద్దవాళ్లకి ఇచ్చే పొటాషియం అయోడైడ్ మాత్ర 130 మిల్లీగ్రాములు, అందులో అయోడిన్ సుమారు 100. బిల్లు పుస్తకం వెనక లెక్క వేసి మా వైపు తిప్పాడు. ఒక్క మాత్రకి సరిపడా అయోడిన్ కావాలంటే ఆరున్నర కిలోలకి పైగా ఉప్పు తినాలి. "మన బీపీలకి అంతకుముందే ఆసుపత్రిలో ఉంటాం. ఆ మెసేజ్ ఎవరు పంపారో వాళ్లకి ఈ లెక్క పంపండి" అన్నాడు. ఆ కాగితాన్ని అక్కడున్న వాళ్లందరూ ఫోన్‌లో ఫొటో తీసుకున్నారు.

మాత్ర ఏం చేస్తుందో కూడా చెప్పాడు. రియాక్టర్ నుంచి బయటికొచ్చే వాటిలో అయోడిన్ 131 ఒకటి. మెడలో ఉండే థైరాయిడ్ గ్రంథికి మంచి అయోడిన్ ఏదో చెడ్డది ఏదో తెలియదు, ఏది ముందొస్తే అది పట్టుకుంటుంది. మాత్రతో ముందే నిండిపోతే చెడ్డదానికి చోటుండదు. అంతవరకే దాని పని. మిగతా రేడియేషన్‌ని అది ఆపలేదు. ఆ చెడ్డ అయోడిన్ ఒంట్లోకి చేరడానికి కాస్త ముందు గానీ చేరిన కొద్ది గంటల్లో గానీ, అదీ ప్రభుత్వం చెప్పినప్పుడు వేసుకోవాలి. ముఖ్యంగా పిల్లలకి, గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి. నలభై దాటినవాళ్లకి ఉపయోగం తక్కువ. నా వైపు చూసి, "మీరసలే థైరాయిడ్ మనిషి, ఊరికే వేసుకుంటే ఉన్న గ్రంథి అస్తవ్యస్తమవుతుంది. ఈ మాత్ర నా దగ్గర లేదు, ఉన్నా మీకివ్వను" అన్నాడు.

గేదెలున్న ఒకాయన పాల సంగతి అడిగాడు. 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ పేలినప్పుడు అక్కడి పిల్లలకి థైరాయిడ్ క్యాన్సర్ ఎక్కువగా వచ్చింది ముఖ్యంగా ఆ గడ్డి మేసిన ఆవుల పాలవల్లనని, మనకీ అక్కడికీ ఐదు వేల కిలోమీటర్ల పైమాటేనని, అయోడిన్ 131 ఎనిమిది రోజులకి సగం, ఇంకో ఎనిమిది రోజులకి అందులో సగం అయిపోతుందని చెప్పాడు. గాలిలో రేడియేషన్ కొలిచే బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) వాళ్ల కేంద్రాలు దేశమంతటా ఉన్నాయి, తేడా ఉంటే ముందు వాళ్లకి తెలుస్తుంది అన్నాడు. మరి బాంబే వేస్తే అని ఒక కుర్రాడు అడిగాడు. "బాంబుకి మాత్ర లేదు బాబూ. దూరంగా ఉన్నవాళ్లు చెయ్యాల్సింది ఇంట్లోకి పోయి తలుపులూ కిటికీలూ మూసుకోవడం, ఒంటి మీద బట్టలు విప్పేసి స్నానం చెయ్యడం, ఒక రోజు పాటైనా బయటికి రాకపోవడం" అన్నాడు. అబద్ధం చెప్పి ధైర్యం చెప్పలేదు. నాకు ఆ జవాబు నచ్చింది.

సాయంత్రానికి అంతర్జాతీయ అణుశక్తి సంస్థ మాట వచ్చింది. కాలింది శిక్షణ భవనం, రియాక్టర్లకి ఏమీ కాలేదు, రేడియేషన్ బయటికి రాలేదు అని. తమ్ముడు ఆ వార్తని కాగితం మీద తెలుగులో రాసి కౌంటరు అద్దానికి అంటించాడు.

అదే వారంలో ఇంకో షాపులో, పేరెందుకు లెండి, మా తోడికోడలికి రేడియేషన్ తట్టుకునే శక్తి వస్తుందని ఏదో టానిక్ అంటగట్టారు. సీసా తెచ్చి ఇక్కడ చూపిస్తే మల్టీవిటమిన్. భయపడినవాళ్లకి ఏదైనా అమ్మొచ్చు. నిద్ర మాత్రలు నేనూ అడిగాను, రోజుల తరబడి కంటి మీద కునుకు లేక. చీటీ లేకుండా ఇవ్వకూడదక్కా అని బీపీ చూశాడు, పై అంకె 160 దాటింది. డాక్టరు గారి దగ్గరికి వెళ్లమని ఆటో పిలిపించాడు. ఒక్క రూపాయి వ్యాపారం లేదు అందులో.

తర్వాత కూడా ఆ కౌంటరు దగ్గర ఈ మాటలు ఆగలేదు. సన్‌ఫ్లవర్ నూనె రేటు మండినప్పుడు అదే చర్చ, మన దేశానికి ఆ నూనె వచ్చేదే ఎక్కువగా ఉక్రెయిన్, రష్యాల నుంచి కదా. 2023 జూన్ 6న ఉక్రెయిన్‌లో కఖోవ్కా డ్యామ్ తెగినప్పుడు, కాలువల శాఖలో చేసి రిటైరైన ఒకాయన ఇన్సులిన్ కోసం వచ్చి అక్కడే కూలబడ్డారు. ధవళేశ్వరం బ్యారేజీకి 175 గేట్లు, ఆ నీళ్లు లేకపోతే మన డెల్టా ఏమవుతుందో ఊహించుకోండి, ఆ రిజర్వాయరు నీళ్లు అక్కడ పొలాలకే కాదు, ఆ జపోరిజియా అణు కేంద్రం చల్లబడడానికి కూడా అన్నారు. రియాక్టర్లు ఆపేసినా లోపల ఇంధనం వేడిగానే ఉంటుంది, నీళ్లు తిప్పుతూనే ఉండాలట. కేంద్రం దగ్గర విడిగా చెరువు ఉందని, అది నిలిచిందని తమ్ముడు ఫోన్‌లో చదివి చెప్పాక ఆయన లేచి వెళ్లారు.

2025 జూన్‌లో మళ్లీ ఆ భయం వచ్చింది. ఈసారి గల్ఫ్. మా కోనసీమ నుంచి కువైట్, ఖతార్, దుబాయ్ వెళ్లినవాళ్లు లేని వీధి లేదు, ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్లు మరీ ఎక్కువ. 22న ఇరాన్ అణు కేంద్రాల మీద అమెరికా బాంబులు, 23 రాత్రి ఖతార్‌లోని అమెరికా స్థావరం మీద ఇరాన్ క్షిపణులు. ఆకాశమార్గం మూసేశారు. మర్నాడు పొద్దున షాపు దగ్గర ఎవరి ముఖంలోనూ నెత్తురు లేదు. ఒకమ్మాయి భర్త దోహాలో డ్రైవరు. సముద్రం అవతలే ఇరాన్ వాళ్ల బుషెహర్ రియాక్టరు, ఖతార్‌లో తాగే నీళ్లు సముద్రంలోంచి ఉప్పు తీసినవేనటగా, ఆయన ఏం తాగుతాడు అని అడిగింది. నిజమైన ప్రశ్న. బుషెహర్ మీద దాడి జరిగితే ప్రమాదం చాలా పెద్దదని అణుశక్తి సంస్థ అధిపతి గ్రోసీ అంతకు కొద్ది రోజుల ముందే భద్రతా మండలిలో చెప్పాడు. తమ్ముడు ఆ మాట దాచలేదు. బుషెహర్‌ని కొట్టలేదనీ, కొట్టిన మూడు చోట్ల బయట రేడియేషన్ పెరగలేదనీ అదే సంస్థ చెప్పిందనీ చూపించాడు. మన రాయబార కార్యాలయం నంబరు, ప్రవాసాంధ్రుల కోసం ఉన్న ఏపీఎన్ఆర్‌టీ నంబరు రాసిచ్చి, ఆయనకి ఫోన్ కలిసేదాకా స్టూలు మీంచి లేవనివ్వలేదు. కలిసింది. భార్యాభర్తలు ఏమీ మాట్లాడుకోలేదు, భోంచేశావా అంటే భోంచేశావా అని అంతే.

లోపాలు రాయకపోతే రివ్యూ కాదు. సాయంత్రం ఆరు దాటితే నిలబడడానికి చోటుండదు, దగ్గర్లోని క్లినిక్ చీటీలన్నీ ఇక్కడికే వస్తాయి. అందరితో ఓపిగ్గా మాట్లాడతాడు కాబట్టి మన వంతు ఆలస్యం. ఒక్కటే స్టూలు, పెద్దవాళ్లకి ఇంకో రెండు కుర్చీలు వేయించమని చాలాసార్లు చెప్పాను. డిస్కౌంటు పది శాతమే, పెద్ద షాపుల్లో ఇంకా ఎక్కువిస్తారు. రద్దీలో ఫోన్ ఎత్తడు. ఆదివారం మధ్యాహ్నం నుంచి మూసే ఉంటుంది.

గల్ఫ్ వెళ్లేవాళ్లకి ఒక మాట. రెండు మూడు నెలల మందులు కట్టించుకోవాలంటే ప్రయాణానికి వారం ముందే వెళ్లండి. డాక్టరు గారి లెటర్‌హెడ్ మీద మందు అసలు పేరుతో రాసిన చీటీ, బిల్లు రెండూ కలిపి కవర్లో పెట్టి ఇస్తాడు. ట్రమడాల్, కోడీన్ ఉన్న దగ్గు సిరప్పులు, కొన్ని నిద్ర మాత్రలు అనుమతి లేకుండా తీసుకెళ్తే అక్కడి చట్టం ఒప్పుకోదు, విమానాశ్రయంలో పట్టుకుంటే జైలు కూడా పడొచ్చు. మీ సంచిలో అలాంటివి ఉంటే తీసి పక్కన పెడతాడు, బదులు ఏది వాడాలో డాక్టరు గారిని అడిగి రమ్మంటాడు. పొద్దున ఎనిమిదిన్నర నుంచి పది లోపు వెళితే తీరిగ్గా పని అవుతుంది.