దుకాణం వేగం పెంచుతామనే సేవ కొనేముందు బుట్ట పేజీని పరీక్షించండి

మా చేనేత చీరల ఆన్‌లైన్ దుకాణం వూకామర్స్ అనే అమ్మకాల సాఫ్ట్‌వేర్ మీద, మేము అద్దెకు తీసుకున్న సర్వర్‌లో నడుస్తుంది. పేజీ తెరుచుకోవడానికి 6 సెకన్లకు పైగా పడుతుండటంతో, దసరా అమ్మకాలు మొదలయ్యేలోపు సర్వర్ సెట్టింగులు సరిచేయించాలని ఒక సంస్థకు 18,000 రూపాయలు ముందుగానే చెల్లించాను. రెండు రోజుల్లో పేజీలు సెకనులోపే తెరుచుకోసాగాయి. ఆ సంతోషంలో మరేమీ పరిశీలించకుండా, పని పూర్తయిందని వారికి రాసి ఇచ్చాను.

ఆరో రోజు ఉదయం హైదరాబాద్ నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. "నేను మంగళగిరి చీర ఒక్కటే తీసుకున్నానండీ. డబ్బు కట్టే పేజీలో నెల్లూరులో ఎవరిదో పేరు, ఇంటి చిరునామా, ఫోన్ నంబరు కనిపిస్తున్నాయి. నా వివరాలు కూడా ఇలాగే ఇంకొకరికి కనిపిస్తున్నాయా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. వెంటనే దుకాణం ఆపేసి, ఈ పని తెలిసిన మా మేనల్లుడి చేత, సర్వర్‌లో పేజీలు అందించే ఎంజిన్‌ఎక్స్ అనే సాఫ్ట్‌వేర్ సెట్టింగుల ఫైలు తెరిపించాను. సంస్థవారు వేగం కోసం అందులో పేజీ క్యాషింగ్ పెట్టారు.

పేజీ క్యాషింగ్ అంటే, ఒకరి కోసం తయారైన పేజీని సర్వర్ దాచి ఉంచి, తర్వాత వచ్చినవారికి దాన్నే అందించడం. అందరికీ ఒకేలా కనిపించే చీరల పేజీలకు ఇది ఎంతో మేలు చేస్తుంది. బుట్ట, చెల్లింపు, ఖాతా పేజీలు మాత్రం మనిషి మనిషికీ మారతాయి కనుక, వాటిని దాచవద్దని వూకామర్స్ తానే క్యాష్-కంట్రోల్ హెడర్‌తో, అంటే పేజీతో పాటు వెళ్లే ఒక సూచనతో, చెబుతుంది. వచ్చినవారి బ్రౌజర్‌లో కుకీ అనే చిన్న గుర్తు పెట్టే సెట్-కుకీ హెడర్ ఉన్న పేజీని ఎంజిన్‌ఎక్స్ కూడా మామూలుగా దాచదు. ఆ సంస్థవారు, హెడర్లను పట్టించుకోవద్దని చెప్పే ఫాస్ట్‌సీజీఐ ఇగ్నోర్ హెడర్స్ అనే ఒక్క వరుసతో ఈ రెండు రక్షణలనూ తీసేశారు. ఆ వరుస వాడటమే తప్పని నేను అనను. వాడినప్పుడు ఆ మూడు పేజీలనూ, లాగిన్ అయినవారినీ మినహాయిస్తూ నియమాలు రాయాలి. మా ఫైలులో ఒక్క మినహాయింపు కూడా లేదు.

పెద్ద సంస్థలకూ ఈ దెబ్బ తగిలింది. 2015 డిసెంబర్ 25న స్టీమ్ ఆటల దుకాణంలో క్యాషింగ్ అమరిక తప్పడంతో సుమారు 34,000 మంది వివరాలున్న పేజీలు ఇతరుల కంటపడి ఉండవచ్చని, దాన్ని నడిపే వాల్వ్ స్వయంగా ప్రకటించింది.

సంస్థను అడిగితే, "మీరు అడిగింది వేగం, అది ఇచ్చాం" అన్నారు. డబ్బు వాపసు ఇవ్వలేదు, పాత ఫైలు నకలు కూడా వారి దగ్గర లేదు. పైగా ఫైళ్లను కుదించి పంపే జీజిప్‌ను ఆన్ చేసి, ఏయే రకాల ఫైళ్లను కుదించాలో రాయకపోవడంతో, పేజీ రాత ఉండే హెచ్‌టీఎంఎల్ తప్ప, పేజీ రూపం, పనితీరు చూసే సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్ ఫైళ్లు ఎప్పటిలాగే బరువుగా వెళ్తున్నాయి. నిజంగా చేయాల్సిన పని అలాగే మిగిలిపోయింది.

కాబట్టి నాలా ముందే ఇచ్చేయకుండా, డబ్బు పని చూశాకే ఇవ్వండి. సర్వర్‌ను ముట్టుకునే ముందే పాత ఫైళ్ల నకలు మీ దగ్గర ఉంచుకోండి. ఒక ఫోన్‌లో లాగిన్ అయి, బుట్టలో ఒక వస్తువు వేసి, చెల్లింపు పేజీ వరకు వెళ్లండి. తర్వాత లాగిన్ కాని మరో ఫోన్‌లో బుట్ట, చెల్లింపు, ఖాతా పేజీలను నేరుగా తెరవండి. అక్కడ మొదటి ఫోన్‌లోని వస్తువు గానీ పేరు గానీ కనిపిస్తే, ఆ క్షణమే క్యాషింగ్ ఆపించి, దాచిన పేజీలన్నీ తుడిపించండి.

ఆ ఆరు రోజుల్లో మా దుకాణంలో లాగిన్ అయిన ప్రతి ఒక్కరికీ జరిగింది రాసి తెలియజేశాను. నెల్లూరు ఆవిడకు నేనే ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను. ఆమె తన ఖాతా తీసేయమన్నారు, తీసేశాను.